ఆదెమ్మ కాసుకు నేను వేసిన గ్రేడు

ప్రభుత్వం నా భార్య కాసు తీసుకుంది. తిరిగి ఇవ్వదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. తీసుకోవచ్చని సంతకం పెట్టినవాణ్ణి నేనే.

నా పేరు ఈదర మాలకొండయ్య. మా ఊళ్లో బడి ఎనిమిదో తరగతి దాకా ఉండేది, అందుకని ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత ఇరవయ్యారేళ్లు పొగాకు వేలం కేంద్రంలో గ్రేడరుగా చేశాను. గోనెలో కట్టిన బేలు విప్పడం, ఆకు తీసి రంగు చూడడం, వేళ్ల మధ్య నలపడం, వాసన చూడడం, ఇది ఫలానా రకం అని చెప్పడం. చెప్పాక మార్చేవాణ్ణి కాదు. ఒక ఏడు మా మామగారి బేళ్లు పదకొండు వస్తే పదకొండింటికీ అడుగు రకం వేశాను. ఆకు అలాగే ఉంది మరి. ఆ సీజనంతా మా ఆవిడ అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని నేను ఆమెతోనే అన్నాను. అలాంటి మనిషిని.

ఆమె పేరు ఆదెమ్మ. పోయి ఆరేళ్లయింది. ఆస్పత్రిలో గ్యాసు అన్నారు. గ్యాసు కాదు.

మా చిమటవారిపాలెం చేలల్లో రోమను కాసులు దొరుకుతాయి. రెండు వేల ఏళ్ల కిందట వాళ్లు ఓడల మీద వచ్చి ఏం కొనుక్కుపోయారో నాకు తెలియదు. సముద్రం మాకు పది మైళ్లు. నాగలి కింద, పొగాకును సెగకు కాల్చే బ్యారన్ల పునాదుల్లో, వానకు గట్టు కోసుకుపోయిన చోట ఒకటీ అరా బయటపడుతుంటాయి. మావాళ్లు వాటిని దొరకాసులంటారు. దొరికినవాళ్లు కంసాలి చేత కొక్కెం పెట్టించి ఆడవాళ్ల మెడలో వేస్తారు. ఆదెమ్మ కాసు వాళ్లమ్మది, అంతకుముందు ఆ అమ్మకు అమ్మది. పెళ్లినాడు ఆదెమ్మ మెడలో ఉంది, పోయిననాడూ ఉంది. మధ్యలో ముప్పై ఎనిమిదేళ్లు. తర్వాత నా దగ్గరికి వచ్చింది. మగవాడు మెడలో వేసుకుంటే నవ్వుతారు గనక మొలతాడుకు కట్టుకున్నాను. చొక్కా కింద ఎవరికీ కనిపించదు. నాకు మాత్రం కూచున్నప్పుడల్లా తగులుతుంది.

మా మండల కేంద్రంలో పాత విత్తనాల గోడౌనుకు సున్నం వేసి, పురాతన నాణేల గుర్తింపు, వర్గీకరణ ప్రాంతీయ కార్యాలయం అని బోర్డు పెట్టారు. నాణెం పరీక్షకుడు కావాలని ప్రకటన వచ్చింది. అర్హతలు మూడు. స్థానికుడై ఉండాలి. తెలుగు చదవడం రాయడం రావాలి. గ్రేడింగులో పదేళ్ల అనుభవం ఉండాలి. దేని గ్రేడింగులో అన్నది రాయలేదు. నేను దరఖాస్తు పెట్టాను. కొడుకు దూరాన ఉన్నాడు, ఇంట్లో ఒక్కణ్ణే ఉంటున్నాను, తిట్టడానికి మనుషులు కావాలి. అంతకు మించి కారణం లేదు.

ప్రాంతీయాధికారి కందాళ పరాంకుశం గారు రాజధాని నుంచి వచ్చినవారు. నాణేలకు చెమట అంటకూడదని తెల్లటి చేతి తొడుగులు వేసుకునేవారు. వాటితోనే టీ తాగేవారు. ఆయన మాట్లాడుతుంటే గుమస్తా జిలానీ పక్కన కూచుని రాసేవాడు. రాసేవాడు లేకపోతే ఆయన మాట్లాడేవారు కాదు.

"రోమను చక్రవర్తులను గురించి మీకు పరిజ్ఞానం ఏమైనా ఉన్నదా?" అని అడిగారు.

"లేదండి."

"ఒక్కరి పేరైనా?"

"లేదండి."

"ముందస్తు అభిప్రాయాలు లేవు. జిలానీ, నిష్పాక్షికత అత్యుత్తమం అని నమోదు చేయండి."

నాతో పాటు ఇంకొకాయన వచ్చాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మేష్టారు. ఆ చక్రవర్తుల పేర్లు వరసగా అప్పజెప్పాడు, ఎవరు ఎవర్ని చంపారో కూడా చెప్పాడు. గ్రేడింగులో అనుభవం లేదని పంపించేశారు. అది నాకు న్యాయంగానే తోచింది. న్యాయం మన వైపు ఉన్నప్పుడు అలాగే తోస్తుంది.

తర్వాత నా చేతికి ఊళ్లో అడిగి తెచ్చిన కాసు ఒకటి ఇచ్చి పరీక్షించమన్నారు. నాకు తెలిసిన పరీక్ష ఒకటే. వెలుగులోకి తిప్పి రంగు చూశాను. వేళ్ల మధ్య నలిపాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

పరాంకుశం గారు ముందుకు వంగారు. "ఏమి చేసితిరి?"

"వాసన చూశానండి."

"ఫలితం?"

"చెమట. కుంకుడుకాయ. కొంచెం పసుపు."

"కాలనిర్ణయం?"

"ఆదివారం తలంటుకున్నారండి."

నన్ను బయటికి పంపిస్తారనుకున్నాను. "మన శాస్త్రంలో చూపును మాత్రమే వినియోగిస్తున్నాము. తక్కిన ఇంద్రియములను నిర్లక్ష్యము చేసితిమి" అన్నారు. మర్నాటికల్లా ఏడో నంబరు ఫారంలో ఘ్రాణ పరీక్ష అని కొత్త గడి వచ్చింది. రాష్ట్రంలో ఎన్ని ప్రాంతీయ కార్యాలయాలున్నాయో అన్నిట్లోనూ అప్పటినుంచి కాసులు వాసన చూశారు. నేను ఈ దేశానికి చేసిన సేవ అది.

బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చారు. పేజీ నిండా మొహాలు. అందరూ ఒక పక్కకే చూస్తుంటారు, అందరికీ నెత్తిన ఆకుల దండ. మొదటి వారం నాకు అందరూ ఒకే మనిషిలా కనిపించారు. రెండో వారానికి ముక్కులు విడిపోయాయి. మూడో వారానికి మెడలు. ఆకులోనూ అంతే, కొత్తవాడికి అంతా పసుపే. కాసు మీద ముందు అరిగేది చెంప. తర్వాత చెవి మీది జుట్టు. అంచున ఉన్న అక్షరాలు చివరికి పోతాయి. కొన్నిటికి మొహానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. లోపల కూడా బంగారమేనా అని ఆ కాలంలో ఎవడో కోసి చూశాడట. నాలాంటివాడు అప్పుడూ ఉన్నాడన్నమాట.

నెల తిరిగేసరికి నాకు గర్వం పట్టింది. పుస్తకం చూడకుండా ముక్కును బట్టి మనిషిని చెప్పేవాణ్ణి. అన్నిటినీ చూశాను గానీ నా మొలతాడుకున్న కాసును మాత్రం ఆ పుస్తకంతో పోల్చి చూడలేదు. చూస్తే గ్రేడు వేయాల్సి వస్తుంది.

కాసుల పరీక్షకు మొదటి శిబిరం మా ఊరి బడిలోనే పెట్టారు. ఆ సందర్భంగా పరాంకుశం గారు నియమం చదివి వినిపించారు. ముఖము గుర్తింపునకు వచ్చిన నాణెము అర్హత పొందినట్లు. ముఖము గుర్తింపునకు రాని నాణెము నిర్ముఖము, అనగా అనర్హము. అర్హత పొందిన నాణెములు శాశ్వత అభిరక్షణకు స్వీకరింపబడును.

మావాళ్లకు అర్హత అన్న మాట ఒక్కటే అర్థమైంది. నేను బల్ల దగ్గర కూచుని ఒక్కో కాసు చూసి పేరు చెప్పి, "అర్హత పొందింది" అన్నప్పుడల్లా ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. కాసు అనర్హమైన వాళ్లు తలొంచుకుని పక్కకు తప్పుకున్నారు. నలభై ఒక్క కాసులు వచ్చాయి. ఇరవై తొమ్మిదింటికి అర్హత వేశాను. మా ఊరు ఏ పరీక్షలోనూ అంత బాగా పాసు కాలేదు.

సాయంత్రం అనర్హమైన పన్నెండింటికి చీటీలు రాసి సీలు వేసి ఎవరివి వాళ్లకిచ్చారు. అర్హత పొందినవాళ్లకు కాసు ఫొటోతో ప్లాస్టిక్ అతికించిన ధ్రువపత్రం ఇచ్చారు. కాసు ఇవ్వలేదు.

చెంచమ్మ నా బల్ల ముందుకు వచ్చింది. ఆదెమ్మకు పినతల్లి కూతురు, నాకు మరదలి వరస.

"నా కాసేది బావా?"

"అర్హత పొందింది."

"పొందితే పొందిందిలే. ఇటియ్యి."

"పొందింది గాబట్టే ఇవ్వరు."

"మరి ఆ ఎంకాయమ్మది ఇచ్చారుగా?"

"ఆమెది అనర్హం."

"అంటే బాగున్నది మీకు, బాగాలేనిది మాకు."

"అట్టా కాదు. మొహం కనిపిస్తే ప్రభుత్వానిది."

"నువ్వు కనిపించలేదంటే సరిపోయేదిగా."

"మొహం ఉంది చెంచమ్మా. తేటగా ఉంది."

"దానికి ఉందిలే. నీకే లేదు" అని వెళ్లిపోయింది.

మూడు రోజుల తర్వాత ఆమె ధ్రువపత్రానికి కంతపెట్టి, నల్లపూసల మధ్య గుచ్చి, మెడలో వేసుకుని కార్యాలయానికి వచ్చింది. జానెడు ప్లాస్టిక్ అట్ట. నడుస్తుంటే టపటపమంటోంది. "కాసు బదులు ఇది ఇచ్చారుగా. యాడ ఏసుకోమన్నారు మరి?" అని పరాంకుశం గారినే అడిగింది.

ఆయన కంగారుపడ్డది ఆ మాటకు కాదు, కంతకు. ప్రభుత్వ పత్రానికి రంధ్రం. ఇటువంటి పత్రముల స్థితిని ఎవరు నిర్ధారించాలి అని పై కార్యాలయానికి రాశారు. నాణెపు పరీక్షకుడే నిర్ధారించాలని జవాబు వచ్చింది. నేను ఇంటింటికీ తిరిగి ఇరవై తొమ్మిది ధ్రువపత్రాలకు గ్రేడు వేశాను. కొత్తగా ఉన్నవి ఒకటో రకం. పప్పు మరకలున్నవి రెండో రకం. చెంచమ్మది మూడో రకం. ఒకటో రకం పత్రాలు జాతి సంపద అని వాటినీ తీసుకున్నారు. బదులు ఇంకో పత్రం ఇచ్చారు. దానికి గ్రేడు ఎప్పుడు వేయాలన్నది నేను అడగలేదు.

రెండో శిబిరం పక్క ఊళ్లో. యాభై మూడు కాసులు వచ్చాయి. యాభై మూడూ అద్దంలా ఉన్నాయి. ముక్కు లేదు, చెవి లేదు, అంచున ఒక్క అక్షరం లేదు. వాసన చూస్తే చింతపండు, సన్న ఇసుక, సానరాయి. నేను నిజమే రాశాను. ఘ్రాణ పరీక్ష గడిలో సానరాయి అని రాశాను.

పరాంకుశం గారు ఆ గడి చదివారు. చింతపండు దగ్గర ఆగారు. "ఈ ప్రాంతపు ఆహారపు అలవాట్లు" అని పక్కన రాయించారు. సానరాయి దగ్గర ఇంకొంచెంసేపు ఆగారు. "ఈ ప్రాంతపు భూగర్భ స్వభావము" అని రాయించారు. యాభై మూడు నాణేలు ఏకకాలంలో నిర్ముఖం కావడం అసాధారణమని, స్త్రీల కంఠము తాకిడి వల్లనే ఇది జరుగుతున్నదని తేల్చారు. దానికి కంఠ ఘర్షణ అని పేరు పెట్టారు. మా జిల్లా ఆడవాళ్ల మెడలు ఎంత గరుకుగా ఉన్నదీ లెక్క తేల్చడానికి జిలానీని పంపారు. టేపు ఒకటి, ఫారాలు ఒక కట్ట, ఒక గరుకు కాగితం. ఆ కాగితంతో పోల్చి చూడాలి.

జిలానీ మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. ఒక చెప్పు లేదు.

"ఎంతమందిని చూశావు?" అని అడిగాను.

"ఒకామెను అడిగా మామా. అంతే."

"ఏమంది?"

"ముందు నీ పెళ్లాం మెడ కొలుచుకురా అంది. ఆ తర్వాత పదిమంది అయ్యారు. వాళ్లేమన్నారో ఇన్లా, పరిగెత్తా ఉండా."

పరాంకుశం గారు విన్నారు. "స్పందన రేటు స్వల్పం" అని రాయించారు.

మూడో శిబిరంలో ఎనభై కాసులు, అన్నీ నున్నగా. నాలుగో దానికి మనుషులు కాసులు తెచ్చి, మేం అడగకముందే, "అనర్హం సార్, సీలెయ్యండి" అని చేయి చాచారు. నా బల్ల మీద రోజంతా నున్నటి బిళ్లలు. పుస్తకంలో నేర్చుకున్న ముక్కులన్నీ వృథా. ఒప్పుకుంటున్నాను, నాకు కోపం వచ్చింది. వాళ్ల కాసులు వాళ్లు కాపాడుకుంటున్నారు, నాకు మాత్రం మంచి ఆకును తొక్కేసినట్టు ఉండింది. అదే సమయానికి నా మొలతాడుకు ఒకటి వేలాడుతోంది. దాన్ని ఎవరూ సానరాయి మీద రుద్దలేదు. రుద్దే అవసరం లేకుండానే అది మెడ మీద, చెమటలో, ముప్పై ఎనిమిదేళ్లలో నున్నబడింది.

పై నుంచి ఉత్తరం వచ్చింది. ఈ నెలాఖరులోగా ఒక్క నాణెమైనా గుర్తింపునకు రానిచో ప్రాంతీయ కార్యాలయము మూసివేయబడును.

పరాంకుశం గారు సమావేశం పెట్టారు. సమావేశమంటే ఆయన, జిలానీ, నేను. సలహాలు చెప్పమన్నారు. జిలానీ నేల చూస్తున్నాడు. నేను కూడా నేల చూస్తే సరిపోయేది. ఆ గోడౌను మూతబడేది, బోర్డు దించేవారు, నా కాసు నా మొలతాడుకు ఉండేది. కానీ నన్ను సలహా అడిగి చాలా ఏళ్లయింది.

"ఆకు రంగు పోతే రైతును అడుగుతామండి" అన్నాను. "ఏ చేలో పండింది, ఎప్పుడు కోశారు, కాల్చినప్పుడు ఎట్టా ఉంది అని. కాసు కూడా అంతే. ఇప్పుడు మొహం లేకపోయినా అరగకముందు చూసినవాళ్లుంటారు. వాళ్లనడిగితే చెప్తారు."

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. నా కోసం ఒక అధికారి లేచి నిలబడడం అదొక్కసారే. "జ్ఞాపక సాక్ష్యము" అన్నారు. "జిలానీ, రాయండి. ముఖము నాణెముపై లేకున్నను యజమాని జ్ఞాపకమున ఉన్నచో, నాణెము అర్హత పొందినట్లే పరిగణింపబడును."

జిలానీ రాస్తూ రాస్తూ నా కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైంది.

ఇద్దరం ఫారాలు పట్టుకుని మళ్లీ ఊరూరా తిరిగాం. మొదట మా ఊరే. పన్నెండు అనర్హపు కాసులున్నాయి కదా. ఎంకాయమ్మ దగ్గరికి పోతే చెంచమ్మ అక్కడే కూచుని ఉంది.

"ఈ కాసు మీద ముందు ఏముండేదమ్మా?" అని జిలానీ అడిగాడు.

"ఏమో నాయనా, గుర్తులేదు" అంది ఎంకాయమ్మ.

"మొహం ఉండేదా?"

"ఉండేదేమో. ఎవరు చూశారు."

"మీ మెడలోదే కదమ్మా."

"మెడలో ఉంటే నాకెట్టా కనపడద్ది? ఎదురుగా ఉన్నోళ్లకు కనపడద్ది. మా ఆయనకు కనపడి ఉండాలి. ఆయన లేడు."

చెంచమ్మ అందుకుంది. "ఆయన ఉన్నా చెప్పడులే పిన్నీ. ఏ మొగుడు చూశాడు పెళ్లాం మెడలో ఏముందో. మా బావనడుగు, అక్క కాసు మీద ఏముందో చెప్పమను. ముప్పై ఎనిమిదేళ్లు కాపరం చేశాడు."

నేను ఫారం మీద తేదీ వేస్తున్నాను. తలెత్తలేదు.

"చూశావా" అంది చెంచమ్మ.

పదహారు ఊళ్లు తిరిగాం. జిల్లా మొత్తానికి మతిమరుపు వచ్చింది. తొంభై ఏళ్ల ముసలమ్మ తన పెళ్లికి వడ్డించిన కూరలు వరసగా చెప్పింది, పందిరి వేసిన వాళ్ల పేర్లు చెప్పింది, కాసు సంగతి అడిగితే "ఏం కాసు" అంది. పరాంకుశం గారు దీన్ని ప్రాంతీయ స్మృతి క్షయము అని రాయించి, నీళ్లు పరీక్ష చేయించమని ఇంకో శాఖకు ఉత్తరం పెట్టారు.

నెలాఖరుకు నాలుగు రోజులున్నాయి. అప్పుడు సిబ్బంది స్వీయ ప్రకటన అని ఒక కాగితం వచ్చింది. కార్యాలయంలో పనిచేసేవాళ్ల దగ్గర పురాతన నాణెం ఉంటే ప్రకటించాలి, పరీక్షకు పెట్టాలి. ప్రజలకు ఆదర్శంగా ఉండడం కోసమట.

"లేదని రాయి మామా" అన్నాడు జిలానీ. నా మొలతాడు సంగతి వాడికి తెలుసు. ఒకసారి చెరువు కట్ట మీద వాన పడితే ఇద్దరం చొక్కాలు పిండుకున్నాం.

"ఉంది కదా."

"ఉంటే? నీ పంచె లాగి చూస్తారా ఎవరైనా?"

"కాగితం మీద అబద్ధం రాయను."

వాడు తల పట్టుకున్నాడు. "సరే. ఉందనే రాయి. బల్ల మీద పెట్టు. అది నున్నగా ఉంది, ఎవరికీ ఏమీ కనపడదు. సారు గుర్తుందా అంటారు. లేదను. ఊరంతా అన్లా? ఒక్క మాట. నేను సీలు గుద్ది నీ చేతిలో పెడతా. ఇంక ఆ కాసును జన్మలో ఎవరూ అడగరు. ఒక్క మాట మామా."

"అంటాలే" అన్నాను.

మర్నాడు పొద్దున పదకొండింటికి కాసు విప్పి బల్ల మీద పెట్టాను. మొలకు తేలిగ్గా ఉండింది, అది నచ్చలేదు. పరాంకుశం గారు తొడుగులు సవరించుకుని భూతద్దంతో చూశారు. దీపం దగ్గరకు జరిపి మళ్లీ చూశారు. తిప్పి చూశారు.

"పైభాగము శూన్యము. వెనుక భాగము శూన్యము. జ్ఞాపక సాక్ష్యము?"

"గుర్తులేదండి" అన్నాను. బాగానే అన్నాను. జిలానీ ఊపిరి వదలడం వినిపించింది. వాడు సీలు తీసి సిరా మెత్త మీద అద్దాడు.

అక్కడితో అయిపోవలసింది. పరాంకుశం గారు మంచివారు, నన్ను ఓదార్చాలనుకున్నారు. "విచారపడకండి. ఎంతకాలం ధరించారు ఆమె?"

"ముప్పై ఎనిమిదేళ్లండి."

"ముప్పై ఎనిమిది సంవత్సరములు ఒక స్త్రీ కంఠమున ఉండి ఏమియు మిగలలేదు. ఆశ్చర్యము. ఇందులో ఎవరూ లేరు." తర్వాత నవ్వారు. నాతో తిరిగి ఆయనకు నా మాటలు కొన్ని పట్టుబడ్డాయి. "మీ భాషలో చెప్పవలెనన్న, నోబిడ్. అంతే కదా?"

నోబిడ్ అంటే వేలంలో ఏ కొనుగోలుదారూ నోరు తెరవని బేలు. దాన్ని పక్కకు తోసేస్తారు. రైతు మళ్లీ బండికెత్తుకుని ఇంటికి పోతాడు. ఇరవయ్యారేళ్లలో ఆ మాట కొన్ని వేల సార్లు అని ఉంటాను. విన్నవాడికి ఎలా ఉంటుందో నాకు తెలియదు.

"ఉందండి" అన్నాను.

"ఏమి ఉన్నది?"

"మొహం ఉందండి. కుడి వైపు చూస్తుంటుంది. నెత్తిన ఆకుల దండ, దాని కొసలు రెండు పాయలుగా మెడ వెనక్కి దిగుతాయి. పొడుగాటి మెడ. ముక్కు నుదుటి నుంచి తిన్నగా వస్తుంది. గడ్డం కింద చిన్న సొట్ట ఉంటుంది, అది మావాడు పాలు తాగేటప్పుడు కొరికింది. కొత్తగా పళ్లు వచ్చిన ఏడు."

జిలానీ చేతిలో సీలు అలాగే ఉంది. "మామా" అన్నాడు మెల్లగా.

నేను ఆగలేదు. ఏ ఏడు ఏది పోయిందో చెప్పాను. చెంప మా పెళ్లయిన ఆరో ఏటికే నున్నబడింది. చెవి ఉప్పెన వచ్చిన ఏడు పోయింది. తల పైన రెండు కర్రలు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టుండే అక్షరం ఒకటి చాలాకాలం ఉండింది. నాకు విషజ్వరం వచ్చి ఇరవై రోజులు మంచాన పడ్డప్పుడు ఆమె వంగి నుదుటి మీద తడిగుడ్డ మార్చేది. ఆ కాసు నా కళ్ల ముందు ఊగుతూ ఉండేది. చేయడానికి వేరే పనేం లేదు, చూశాను. ఆ ఏటికి మొహంలో ముక్కు ఒక్కటే మిగిలింది.

"వెనుక భాగము?" అన్నారు పరాంకుశం గారు.

"ఆడమనిషి కుర్చీలో కూచుని ఉంటుందండి. ఒక చేతిలో పొడుగాటి కర్ర, ఇంకో చేతిలో ఆకు రెమ్మ."

ఆయన గబగబా పుస్తకం తిప్పి ఒక పేజీ దగ్గర వేలు పెట్టారు. "తిబేరియస్ చక్రవర్తి. ఆ కూర్చున్నామె శాంతి దేవత అని కొందరు, చక్రవర్తి తల్లి అని కొందరు."

"కాదండి. ఆకు అల్లుతోంది."

"ఏమంటిరి?"

"బ్యారన్లో కాల్చడానికి ముందు పచ్చాకును కర్రకు అల్లుతారండి. ఆడవాళ్లు కూచుని అల్లుతారు. మా ఆవిడ ఇరవై ఏళ్లు ఆ పని చేసింది. కాసు తిప్పి నాకు చూపించి, చూశావా, ఆ దేశంలోనూ ఆడోళ్లే ఆకు అల్లుతారు, రెండో పక్కనున్న ముక్కుపొడుగోడు ఊరికే గ్రేడు ఏస్తాడు, అనేది."

పరాంకుశం గారు అదంతా రాయించారు. కొత్త వ్యాఖ్యానము అని పైన గీత గీయించారు. ఘ్రాణ పరీక్ష గడి ఖాళీగా ఉందని ఫారం నా ముందుకు జరిపారు. కాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆరేళ్లు నా మొలకే ఉంది. ఆ గడిలో పరీక్షకుడి చెమట అని రాశాను. వేరే వాసన లేదు.

"గ్రేడు?" అన్నారు.

"ఒకటో రకం."

"ముఖము లేని నాణెమునకు ఒకటో రకమా? పునరాలోచించుకుంటారా?"

"వేశాక మార్చనండి."

సంతకం పెట్టాను. ఆయన కాసును దూదిలో పెట్టి, డబ్బాలో పెట్టి, డబ్బాను ఇంకో డబ్బాలో పెట్టారు. జిలానీ సీలును ఖాళీ కాగితం మీద గుద్ది బయటికి వెళ్లిపోయాడు.

ఆ నెలలో గుర్తింపు పొందిన నాణెం అదొక్కటే. కార్యాలయం మూతపడలేదు. ఇంకో అయిదేళ్లు పొడిగించారు. పరాంకుశం గారికి పదోన్నతి వచ్చింది. నాకు శాలువా కప్పారు. నున్నటి పసుపుపచ్చ చుక్క ఒకటి ఫొటో తీసి ధ్రువపత్రం ఇచ్చారు. కాసును ఒక్కసారి చూసుకుంటానని నెల తర్వాత అర్జీ పెట్టాను. వెలుతురు తగిలితే ఒకటో రకం నాణెముల స్థితి దిగజారే ప్రమాదం ఉన్నందున వీలుపడదని జవాబు వచ్చింది. కింద పరీక్షకుడి సిఫారసు మేరకు అని ఉంది. నేను ఉద్యోగం మానేశాను. నా స్థానంలో మిరపకాయల గ్రేడరును తీసుకున్నారు.

మొన్న చెంచమ్మ వచ్చి అరుగు మీద కూచుంది. శాలువా సంగతి ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు.

"ఇంతకీ అక్క కాసు మీద ఏముండేది బావా? మమ్మల్ని ఎప్పుడూ ముట్టుకోనీలేదు."

"గుర్తులేదు" అన్నాను.

ఆమె ఇంకోసారి అడిగింది. ఇంకోసారి అదే చెప్పాను. ఇప్పుడు తడబడకుండా వస్తోంది. పదహారు ఊళ్ల వాళ్లకు అవసరం పడ్డనాడే వచ్చిన మాట, నాకు పని అయిపోయాక వచ్చింది.

ఇది రాశాను గనక ఇక చెప్పేది లేదు. ఇకమీదట ఎవరడిగినా ఆ కాసు సంగతి నా నోట రాదు.